బెల్లం బాతుల పురిటిల్లు

బుచ్చయ్యపేట దాటాక రోడ్డుకి ఎడమ పక్కన ఒక ఊరుంది. దాని పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికే కార్లలో జనం దిగి, చెరువు గట్టు మీద పాటలు పెట్టుకుని, పిట్టలేవీ లేవే అని నన్ను అడుగుతారు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో చెట్టు మీద గూడు కట్టి గుడ్డు పెట్టిన పిట్టను ఎవరూ ముట్టరు. వానాకాలంలో కొంగలు దిగి చింతచెట్లని తెల్లగా కప్పేస్తాయి. రెట్టల కంపుకి ముక్కు మూసుకుంటారు గానీ రాయి విసరరు. పిల్ల కిందపడితే గంపలో పెట్టి మళ్ళీ కొమ్మ మీదికి చేరుస్తారు. పురుడు పోసుకోవడానికి వచ్చినదాన్ని తరిమేస్తే ఊళ్ళో ఆడపిల్లలకి కష్టం అని వాళ్ళ నమ్మకం. నాకు నచ్చే నమ్మకాలు తక్కువ. ఇది నచ్చుతుంది.

కానీ ఆ కట్టుబాటుకి రెండో సగం కూడా ఉంది. గుడ్డు పెట్టని పిట్టను పట్టుకుని తినొచ్చు.

దీపావళి దాటాక ఆ చెరువులోకి ఉత్తరం నుంచి బాతులు వస్తాయి. సూదితోక బాతులు, పరజలు, వాటి మధ్య ఒకటో రెండో జతలు మా వైపు బెల్లం బాతులనే పెద్ద బాతులు. మంచి పాకం కుదిరిన బెల్లం దిమ్మని పగలగొడితే లోపల ఎలా ఉంటుందో ఆ రంగు. తల కొంచెం తెలుపు. ఎప్పుడూ జంటగానే ఉంటాయి. కవులు చక్రవాకాలన్నది వీటినే. వేల ఏళ్ళుగా ఆ జంట రాత్రి విడిపోతుందని, ఏడుస్తుందని పద్యాలు రాసుకున్నారు. వాటికి పిల్లలు ఎక్కడ పుడతారని ఒక్క మహానుభావుడూ అడిగినట్టు నేను ఎక్కడా చదవలేదు. విరహం మీద ఉన్న శ్రద్ధ సంసారం మీద ఉండదు ఈ కవులకి.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తాగా తల నెరిసింది. నా చదువంతా తూకానికి అమ్మే పాత కాగితాల కొట్లో జరిగింది. బొమ్మలున్న ఇంగ్లీషు పత్రికలు ఏరుకుని, బొమ్మని చూసి కింద ఏం రాసుంటుందో ఊహించి, తరవాత ఆ మాటల్ని ఒక్కొక్కటిగా విప్పుకున్నాను. పిట్టలు అలా పట్టుకున్నాయి నన్ను. ఫోటో స్టూడియో మూసేసిన ఒకాయన దగ్గర రీలు కెమెరా, పొడుగు లెన్సు తీసుకున్నాను. సైకిలు ముందే ఉంది.

పిట్టల్ని చూడ్డానికి సైకిలుని మించింది లేదు. మోటారుసైకిలు చప్పుడు వినగానే చెరువు చెరువంతా లేస్తుంది. నడిచే మనిషిని చూస్తే మెడలు నిక్కుతాయి. మెల్లగా సైకిలు తొక్కుకుంటూ పోయేవాణ్ణి పిట్ట అసలు లెక్కచెయ్యదు. వీడెవడో పాలకి పోతున్నాడనుకుంటుంది. ఫోటో కావాలంటే అవతలి పక్కకి దిగి, సైకిలు చాటున వంగి, సీటు మీద మడిచిన తువ్వాలు పెట్టి, దాని మీద లెన్సు ఆనించాలి. అలా రోలుగుంట దాకా, గొలుగొండ కొండల దాకా తిరిగేవాణ్ణి. రిటైరయ్యాక మరీను. మా వీధిలో వాళ్ళు పనిలేని ముసలాడన్నారు. పనిలేనివాడు పొద్దు పొడవకముందే లేచి చలిలో సైకిలెందుకు తొక్కుతాడో ఒక్కడూ ఆలోచించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక చలికాలం పొద్దున్న, ఆ ఊరి పాలకేంద్రం దగ్గర గొడవ జరిగింది. పాలు పోసే వరసలో ఆ చెరువులో వల వేసే ఆసామి ఉన్నాడు. మిగతా కాలమంతా చేపల వల, చలికాలం వస్తే బాతుల వల కూడా. అతని సైకిలు హ్యాండిలుకి కాళ్ళు కట్టిన బెల్లం బాతుల జత తలకిందులుగా వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. కొంగలకో న్యాయం, వీటికో న్యాయమా అని అందరి ముందూ అడిగాను.

అతను నెమ్మదిగా చెంబు కింద పెట్టాడు. "గుడ్డెట్టని పిట్టకి ఊరేటి మావా? నాను ఎన్ని కోసేనో. ఒక్కదాని కడుపులో గుడ్డు జాడ కానరాలేదు. గొడ్డు పిట్టలివి."

ఎండాకాలంలో అవి హిమాలయాల అవతల చెరువుల దగ్గర గుడ్లు పెడతాయని చెప్పాను. ఎవరు చెప్పారన్నాడు. పుస్తకంలో ఉందన్నాను.

"నువ్వు సూసేవేటి?"

లేదన్నాను. వరసలో నవ్వులు లేచాయి. పాలకేంద్రం ప్రెసిడెంటు, ఊరికి పెద్ద ఆయనే, మధ్యలోకి వచ్చి న్యాయంగానే మాట్లాడాడు. గుడ్డు పెట్టే పిట్ట అని తేలితే కట్టుబాటు దానికీ వర్తిస్తుంది, తేలకపోతే లేదు. వల ఆసామి దానికి ఒప్పుకున్నాడు.

"పిల్లల్తో ఉన్న ఫోటో తే మావా. ఆ రోజు నుంచి ఈ సెరువులో బాతు వల ఎయ్యను. అందాకా నా జోలికి రాకు."

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ హ్యాండిలుకి వేలాడిన జత ఎవరింటికి పోతోందో నాకు తెలుసు. మా చెల్లెలి ఇంటికే. మా క్రైస్తవుల ఇళ్ళల్లో క్రిస్మస్ నాడు కోడి కూర ఉంటుంది, మేక మాంసం ఉంటుంది. మా బావ ఇంట్లో మాత్రం గారెల్లోకి బాతు కూరే ఉండాలి. వాళ్ళ నాన్న కాలం నుంచీ అంతే. చర్చిలో ఆరాధన కొంచెం పొడుగైతే ఆ కూర కోసం బావ వాచీ చూసుకుంటాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. ఇనుమూ తిండీ తప్ప మూడో సంగతి అతనికి పట్టదు. నేను పిట్టల గురించి మాట్లాడితే, కూరలో దేనికి మసాలా ఎంత పడుతుందో చెప్పేవాడు.

ఫోటో తేవడానికి లడఖ్ పోతానన్నాను. సైకిలు మీద. మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు, నన్ను ఆపలేమని వాళ్ళకి తెలుసు. మా చెల్లెలు మాత్రం, అన్నయ్య ఒక్కడూ కొండల్లో పడిపోతే ఎవడు చూస్తాడని మొగుణ్ణి నాతో తోలింది. బావ మోకాళ్ళ నొప్పులన్నాడు.

"సికెన్ కొట్టుకి నడిసినప్పుడు లేవు గానీ, మా అన్నయ్యతో ఎల్లడానికొచ్చేయేటి నొప్పులు?" అందామె.

జూన్ నెలలో మంచు కరిగి కొండ కనుమలు తెరుచుకుంటాయని చదివాను కాబట్టి జూన్‌లో బయలుదేరాం. సైకిళ్ళు రైలు లగేజీ పెట్టెలో వేశాం. బావ తన సైకిలుకి ముందూ వెనకా ఇనప ఊచలు వెల్డింగు చేయించి, స్టవ్వూ గిన్నెలూ బియ్యం సంచీ కట్టాడు. ఒక పెద్ద రేకు డబ్బా నిండా బెల్లం. అనకాపల్లివాడు ఎక్కడికి పోయినా బెల్లం తీసుకుపోతాడు, పెళ్ళికైనా పరామర్శకైనా. హిమాలయాలకి తీసుకుపోకూడదని ఎక్కడా రాసిలేదు.

మనాలి దాటాక రోడ్డు కొండ చుట్టూ పాములా ఎక్కుతుంది. తొక్కిన దూరం కంటే తోసిన దూరం ఎక్కువ. మరీ పెద్ద కనుమలు వచ్చినప్పుడు లారీలు ఎక్కాం. దానికి నాకు సిగ్గేమీ లేదు. అరవై దాటినవాడి ఊపిరితిత్తుల సంగతి ఆ కొండలకి తెలియదు. లారీ డ్రైవర్లు నవ్వి, ఎక్కించుకుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, ఇంకో ముక్క అడిగేవారు.

ఒకచోట వాగు ఒడ్డున బండమీద ఒక చిన్న పిట్ట వాలింది. నల్లని వీపు, ఇటుక రంగు పొట్ట. తోక ఊరికే వణికిస్తోంది. సైకిలు పక్కన పడేసి అక్కడే కూర్చుండిపోయాను. గొలుగొండ దారిలో, చలికాలం రాగానే, రాళ్ళగుట్టల మీద ఆ పిట్టనే ఏటా చూస్తాను. మార్చి దాటితే మాయమవుతుంది. ఎక్కడికి పోతుందో పుస్తకంలో చదివి తెలుసుకోవడం వేరు, దాని ఇంటి గుమ్మం ముందు నిలబడి చూడ్డం వేరు. ఇక్కడది నోట్లో పురుగు పట్టుకుని రాతి సందులోకి దూరింది. లోపల పిల్లల కిచకిచలు. మన వీధిలో ప్రతి చలికాలం కనపడే మనిషిని వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇంట్లో, బిడ్డని ఎత్తుకుని ఉండగా చూసినట్టయింది. బావకి చూపించాను. అతను స్టవ్వు మీద గిన్నె వైపు చూస్తున్నాడు.

ఎందుకంటే అన్నం ఉడకడం లేదు. నీళ్ళు తెగ మరుగుతున్నాయి, బియ్యం మాత్రం పలుకుగానే ఉంది. అంత ఎత్తున నీళ్ళు సరిగ్గా వేడెక్కకుండానే మరుగుతాయి, కుక్కరు లేనిదే అన్నం కాదని నేను చెప్పాను. బావ వినలేదు. కొట్టువాడు నాసి బియ్యం అంటగట్టాడని మూడు కనుమల దాకా తిట్టాడు. చివరికి బియ్యం రాత్రే నానబోసి, పొద్దున్న బెల్లంతో నమిలాం. ఫిట్టరుకి ఆవిరి సంగతి నేను చెప్పాల్సి రావడం, చెప్పినా వినకపోవడం, రెండూ నాకు ఇప్పటికీ మింగుడు పడవు.

రోడ్డు వదిలి మేం చేరిన చెరువు ఒడ్డంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. చుట్టూ చెట్టు లేదు. చెట్టేమిటి, నీడన్నదే లేదు. చాలా దూరంలో గొర్రెల కాపరుల గుడారాలు రెండు. వాళ్ళింటి ఆవిడ మాకు ఉప్పు టీ ఇచ్చింది. బావ మొహం అదోలా పెట్టి, అందులో బెల్లం ముక్క వేసుకున్నాడు. ఆవిడ అది చూసి తన గిన్నె కూడా చాపింది. మా ఇద్దరికీ ఆవిడ మాట రాదు, ఆవిడకి మా మాట రాదు. అక్కడున్నన్నాళ్ళూ ఆ బెల్లమే మాకు భాష.

మేం దిగిన మొదటి సాయంత్రమే బెల్లం బాతులు కనిపించాయి. జతలు జతలుగా, మా చెరువులోలాగే. పిల్లలు మాత్రం కనపడలేదు. పొద్దున్నే సైకిలు తోసుకుంటూ ఒడ్డు వెంట పోవడం, సైకిలు చాటున వంగడం, ఎదురుచూడ్డం. చాలారోజులు అదే పని. తలనొప్పి ఒకటి పుర్రెలో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. రీళ్ళు నాలుగే ఉన్నాయి. కొండలూ, గుడారాలూ, వాగు ఒడ్డు పిట్టా, నీళ్ళ మీద జతలూ మూడు రీళ్ళు తినేశాయి. తీసిన రీళ్ళని ఏ పూటకాపూట బావ చేతికి ఇచ్చి జాగ్రత్త చెయ్యమనేవాణ్ణి. అందులో ఎన్ని మంచివున్నాయో తీసిన నాకు తెలుసు.

ఆ పొద్దున్న గాలి లేదు. ఎదుటి మట్టి గట్టుకి బొరియలున్నాయి. అందులో ఒకదాని కింద తల్లి బాతు నిలబడి పైకి చూస్తూ పిలుస్తోంది. బొరియ అంచున నలుపూ తెలుపూ చారల ఉండ ఒకటి కనిపించింది. తెల్లదారం, నల్లదారం కలిపి చుట్టిన బంతిలా ఉంది. దూకింది. దొర్లి, లేచి నిలబడింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి.  బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. బాతుల జత పిల్లల్ని మధ్యలో పెట్టుకుని నీళ్ళవైపు నడిచింది. దూరం ఎక్కువ. ఉన్న లెన్సు అంతే. నొక్కాను. మళ్ళీ నొక్కాను.

పైనుంచి ఒక పెద్ద కాకి దిగింది. మన కాకికి రెండింతలు ఉంటుంది ఆ కొండ కాకి. వరసలో వెనకబడ్డ పిల్ల ఒకటి ఉంది, దాని మీదికే వస్తోంది. మగబాతు రెక్కలు పరిచి నేలమీద పరుగెత్తుకొచ్చింది. ఆ క్షణం నేను కెమెరాలోంచి చూస్తుండగా, నా పక్కనుంచి మా బావ లేచి, రెండు చేతులూ ఊపుకుంటూ, ఆరబెట్టిన వడియాల మీద కాకిని తోలినట్టు ఉప్పు మీద పరుగెత్తాడు.

"పోయే! పో! సిన్నదాన్నేటే, సిగ్గు లేదేటే నీకు?"

కాకి పోయింది. బాతులూ నీళ్ళలో పడి అవతలి ఒడ్డుకి పోయాయి. నా ఎదర ఖాళీ ఉప్పు మిగిలింది. మోకాళ్ళ నొప్పుల మనిషి రొప్పుతూ తిరిగొచ్చాడు. నేను అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. అతను విని, తల దించుకుని, ఆ పిల్ల తల్లిని కలిసిందా లేదా చూడమన్నాడు.

అసలు దెబ్బ తిరుగు ప్రయాణంలో తగిలింది. కొండలు దిగేసరికి వానలు పట్టుకున్నాయి, రైల్లో ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇంటికొచ్చి రీళ్ళేవి అని అడిగితే బావ బెల్లం డబ్బా తెచ్చాడు. రీలుకి కంపెనీవాడు మూతతో చిన్న డబ్బా ఇస్తాడు కదా, వాటిలో అతను ఉప్పూ కారం ఆవాలూ పోసుకున్నాడు. ఉత్త రీళ్ళని జేబురుమాల్లో చుట్టి, గట్టి మూత ఉందని, దుమ్ము పోదని, బెల్లం డబ్బాలో పెట్టాడు. వానగాలి తగిలితే బెల్లం చెమర్చి పాకమై కారుతుందని మా ఊళ్ళో నడక వచ్చిన ప్రతివాడికీ తెలుసు. బావకీ తెలుసు. కానీ ఆ కొండల మీద గాలికి తడే లేదు, బెల్లం ఇన్నాళ్ళూ రాయిలా ఉంది. రాయిలాగే ఉంటుందనుకున్నాడు.

మూడు రీళ్ళూ పాకంలో నానిన జంతికల్లా ఉన్నాయి. స్టూడియోవాడు చూసి, ఇవి కడగాలా నాకాలా అని అడిగాడు. మిగిలింది కెమెరాలో ఉన్న నాలుగో రీలు. అందులో పిల్లలు పడ్డది ఒక్క బొమ్మే. తెల్లని ఉప్పు, దాని మీద రెండు బెల్లపు రంగు చుక్కలు, వాటి మధ్య ఆవగింజలు చల్లినట్టు ఏవో నలుసులు.

బావతో మాట్లాడ్డం మానేశాను. మా చెల్లెలు మధ్యన నిలబడి ఇద్దర్నీ తిట్టింది.  

దీపావళి దాటింది, బాతులు దిగాయి. ఆ బొమ్మని పెద్దది చేయించి పాలకేంద్రానికి పట్టుకుపోయాను. చేతులు మారింది. ఈగలు వాలాయా అన్నారు ఒకరు. ప్రింటువాడి తుంపర్లా అన్నారు ఇంకొకరు. ప్రెసిడెంటు కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, ఏమో బాబూ అన్నాడు. వల ఆసామి చెయ్యి తడిగా ఉందని ఫోటోని ముట్టుకోనే లేదు. రెండువేల మైళ్ళ దూరం పోయి ఈగల ఫోటో తెచ్చిన మనిషిగా నేను సైకిలెక్కాను. దార్లో పిట్టల వైపు చూడలేదు. ఆ చెరువులో రాత్రికి వల పడుతుంది. ఆ వలలో పడేవి నేను పురిటింట్లో చూసినవే కావచ్చు.

క్రిస్మస్ ముందురోజు పొద్దున్న మా చెల్లెలు కబురంపింది, కోపాలుంటే పండగ మర్నాడు పడొచ్చు, ముందు వచ్చి కేకు తిని పొమ్మని. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. బావ కుర్చీలో. ఇద్దరం వీధి చూస్తున్నాం. వల ఆసామి సైకిలు వచ్చి ఆగింది. హ్యాండిలుకి బెల్లం బాతుల జత. ప్రతి ఏడూలాగే దింపి, బావ ముందు పెట్టాడు. ఆడది మెడ ఎత్తి మగదాని వైపు చూస్తోంది.

 లోపల గారెల పప్పు రుబ్బుతున్న చప్పుడు.

"ఇవొద్దు, పట్టుకెల్లిపో," అన్నాడు బావ.

వల ఆసామికి అర్థం కాలేదు. బక్కచిక్కినయ్యా అని అడిగాడు. బావ కాదన్నాడు. ఇంక చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మనిషి అంతసేపు తిండి గురించి కాక మాట్లాడ్డం నేను అప్పుడే విన్నాను. మట్టి గట్టు బొరియ సంగతి చెప్పాడు. తల్లి కిందనుంచి పిలిస్తే ఒక్కొక్కటీ ఎలా దూకిందో చేత్తో చూపించాడు. వెనకబడ్డదాని గురించి, కాకి గురించి, దాని తండ్రి రెక్కలు పరుచుకుని పరుగెత్తడం గురించి చెప్పాడు. తాను పరుగెత్తిన సంగతి చెప్పలేదు.

వల ఆసామి విన్నంతసేపూ విని, కోపంగానే అడిగాడు. "ఇన్నాళ్ళూ మీరు తిన్నారు, నాను తెచ్చేను. ఇప్పుడు పాపం నా వలదేటి?"

ఆ మాట న్యాయమైంది. నేను ఏదో అనబోయాను, బావ చెయ్యెత్తి ఆపాడు.

"తిన్నోణ్ణి నానే. నీ మీద ఎయ్యను. నోరూరుతోంది, అబద్దమెందుకు. కానీ ముద్ద దిగదు."

వల ఆసామి నా వైపు తిరిగాడు. ఆ బొమ్మ ఎక్కడుందని అడిగాడు. నా సంచీలోనే ఉంది, పాలకేంద్రం నుంచి వచ్చాక తీయలేదు. ఈసారి చేతులు పంచెకి తుడుచుకుని తీసుకున్నాడు. వెలుగులోకి నడిచి, కంటికి దూరంగా పెట్టి చూశాడు. నీళ్ళ మీద మసక చీకట్లో ఏది బాతో ఏది నాచో వెతికి బతికే మనిషి. చూపుడువేలి గోరు ఒక్కొక్క నలుసు మీదా ఆగుతూ పోయింది. చివర ఇంకా వెనక్కి పోయింది, బొమ్మ అంచు దాకా. నేను మరక అనుకున్న చోట ఆగింది.

"ఇదేనా నువ్వు సెప్పిన ఎనకబడ్డది?"

నేను లేచి వెళ్ళి చూశాను. ఆ బొమ్మని అన్ని నెలలుగా చూస్తున్నవాణ్ణి, ఆ పిల్లని నేను చూడనేలేదు. బావ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు, అది ఎడం పక్కనే కదా అని. ఎడం పక్కనే ఉంది.

వల ఆసామి బొమ్మని నాకు ఇచ్చేసి, జత దగ్గర చతికిలపడి కాళ్ళ తాడు విప్పసాగాడు. మళ్ళీ ఆగి, ఇక్కడ విప్పితే కుక్కలు పడతాయి, చెరువు దగ్గరే విప్పాలి అన్నాడు. వాటిని ఈసారి తలకిందులుగా కట్టలేదు. గంప అడిగి తీసుకుని, గోనెపట్టా కప్పి, వెనక క్యారేజీ మీద పెట్టుకున్నాడు. మూడు సైకిళ్ళ మీద బయలుదేరాం.  బుచ్చయ్యపేట దగ్గర బావ, అన్నం ఉడకని సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ కొట్టువాడిదే తప్పంటాడు.

గట్టు మీద మగదాన్ని ముందు వదిలారు. అది నీళ్ళ దాకా పోయి అక్కడే నిలబడి వెనక్కి తిరిగి పిలిచింది. ఆడదాని కాలు తిమ్మిరెక్కినట్టుంది, రెండుసార్లు తూలింది. తరవాత రెండూ ఒకేసారి లేచాయి. నేను కెమెరా తేలేదు. తెచ్చినా అప్పుడు తీసుండేవాణ్ణి కాదు, నా ముందు ఇద్దరు మనుషులు అడ్డంగా నిలబడి చూస్తున్నారు.

పాలకేంద్రం దగ్గర ఆ వాదన నేను మళ్ళీ చెయ్యాల్సి రాలేదు. వల ఆసామే చేశాడట, మర్నాడు పాలు పోసేటప్పుడు. ఈగలన్నవాణ్ణి పట్టుకుని, గోరుతో చూపించి, కళ్ళు కొబ్బరికాయలా అని అడిగాడట. గుడ్డెట్టే పిట్టే, ఎక్కడెడితే మనకేటి, ఆడపిల్ల పురుడు ఏ ఊళ్ళో పోసుకున్నా పురుడే కదా అన్నాడట. ఇవొక్కటే ఎందుకు, ఉత్తరం నుంచి వచ్చే ఏ బాతుకైనా ఎక్కడో ఒకచోట పురిటిల్లు ఉండే ఉంటుందన్నాడట. ప్రెసిడెంటు దానికి తల ఊపాడు. ఆ ఊరి కట్టుబాటు అప్పటికి అంత పొడుగైంది. ఆ బొమ్మ పాలకేంద్రం గోడకి ఎక్కింది. పాడైన రీళ్ళకి అంటిన బెల్లం దానికి ఎలా సోకిందో, వానాకాలంలో దాని మీద చీమలు తిరుగుతాయి. ఇప్పుడు పిల్లల్ని లెక్కపెట్టాలంటే ముందు చీమల్ని ఊదాలి.

మా బావ ఇంట్లో క్రిస్మస్‌కి కోడి కూరే. ఏటా మొదటి ముద్దకి నిట్టూరుస్తాడు, ఏటా రెండోసారి వడ్డించుకుంటాడు. నేను అతనితో మాట్లాడుతున్నాను. రీళ్ళ సంగతి మాత్రం క్షమించలేదు.

తరవాతి చలికాలం బెల్లం బాతులు ఎక్కువ జతలే దిగాయి. ఒక పొద్దున్న సైకిలు చాటున వంగి, సీటు మీద తువ్వాలు సర్ది, ఇంకొంచెం దగ్గరకి పోదామని అడుగు వేశాను. చెరువు మధ్యనుంచి దోనెలో చేపల వల సర్దుకుంటున్న ఆసామి గొంతు తగ్గించి పిలిచాడు.

"అక్కడే ఆగు మావా. ఇంకో అడుగేత్తే లేత్తాయి. అంత దూరం నుంచొచ్చేయి, కాసేపు కూకోనీ."

ఆ చెరువు దగ్గర పిట్టల్ని ఎలా చూడాలో నాకే చెప్పేవాడు తయారయ్యాడు. ఒళ్ళు మండింది. అడుగు వెనక్కి వేశాను.